పేరు ఉండనీ, నెంబరు తీసెయ్ – వంశవృక్షాల చరిత్రలో ఒక పాఠం

ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు ఒకసారి వింత ఇంటిపని ఇచ్చారు. "రేపు వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ మీ తాతగారి తాతగారి పేరు రాసుకుని రండి" అన్నారు. మర్నాడు చూస్తే ముత్తాత పేరు దాటినవాళ్ళు క్లాసు మొత్తం మీద ముగ్గురే. మాస్టారు ఎవరినీ కోప్పడలేదు. వేంగి చాళుక్యుల పేర్లు బోర్డు మీద వరసగా రాసి, "వెయ్యేళ్ళ కిందటి వాళ్ళ పేర్లు మార్కుల కోసం బట్టీ పడతారు, మీ ఇంట్లోవాళ్ళ పేర్లు నాలుగు తరాలు చెప్పలేరు" అని నవ్వి పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నాన్నమ్మని అడిగాను. "మీ తాతయ్య వాళ్ళ నాన్న పేరే నీకు పెట్టాం. అంతకు ముందువాళ్ళ సంగతి నాకేం తెలుసు? కాశీలో పండా పుస్తకంలో ఉంటుంది, వెళ్ళినప్పుడు చూసుకో" అంది. నా పిచ్చికి బీజం అక్కడ పడింది.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. 1985లో మన బడిలో పదో తరగతి పూర్తిచేసి, ఇంజినీరింగ్ చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా కాలవలు, తూములు, లాకుల పనుల్లో ఉన్నవాణ్ణి. తీరిక దొరికినప్పుడల్లా మా వంశవృక్షం కూర్చుకోవడం నా వ్యాపకం. స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగితే ఈ విషయమే ఎంచుకున్నాను. దానికో కారణం ఉంది. ఈ సంచిక చివర వేసే పూర్వ విద్యార్థుల జాబితాలో అందరి ఫోన్ నెంబర్లు, చిరునామాలు ఉండాలా వద్దా అని కమిటీలో పెద్ద వాదనే జరిగింది. వద్దన్నవాళ్ళలో నేనొకణ్ణి. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

వంశం చెప్పేవాళ్ళు, వినేవాళ్ళు

తెలుగునాట వంశక్రమం రాసుకోవడం కొత్త కాదు. మాస్టారు బోర్డు మీద రాసిన వేంగి చాళుక్యుల పేర్లు మనకి తెలిసింది వాళ్ళ రాగిశాసనాల వల్లే. దానం ఇచ్చిన ప్రతిసారీ కుబ్జ విష్ణువర్ధనుడి నుంచి మొదలుపెట్టి, ఏ రాజు ఎన్నేళ్ళు ఏలాడో చెక్కించేవారు. చరిత్రకారులు ఆ ఏళ్ళు కూడుకునే ఆ వంశం కాలనిర్ణయం చేశారు. కవులు కావ్యం మొదట్లో కృతిపతి వంశాన్ని వర్ణించేవారు. కేతన తన దశకుమార చరిత్రను తిక్కనకి అంకితమిస్తూ ఆయన కుటుంబం గురించి చెప్పబట్టే తిక్కన ఇంటి విషయాలు ఇంతగా మనకి తెలిశాయి.

ఇవి రాజులవీ మంత్రులవీ. మామూలు రైతు కుటుంబాల వంశాలు నోటి మీదే ఉండేవి. పిచ్చుకుంట్లవారు ఊరూరా తిరిగి రెడ్ల, కాపుల గోత్రాలు, వంశక్రమాలు చెప్పేవారు. భట్రాజులు పెళ్ళిళ్ళలోనూ సభల్లోనూ వంశస్తుతి చేసేవారు. కరణాల ఇళ్ళల్లో కవిలె కట్టలుండేవి. ఊరు ఎప్పుడు కట్టారు, ఏ భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, గుడికి మాన్యం ఎవరిచ్చారు అన్నవన్నీ వాటిలో ఉండేవి. 1800 ప్రాంతాల్లో కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊళ్ళు తిరిగి సేకరించిన కైఫీయతులకు చాలావరకు ఈ కవిలెలే ఆధారం. అయితే ఆ సేకర్తలకు అన్నిచోట్లా స్వాగతం దొరకలేదు. ఈ పరాయి దొర మనుషులు మా భూముల లెక్కలు, మా తాతల సంగతులు ఎందుకు అడుగుతున్నారని ఊళ్ళవాళ్ళు శంకించారు. వివరాలు ఎవరి చేతికి వెళతాయి, వాటితో ఏం చేస్తారు అన్న ప్రశ్న ఈనాటిది కాదు.

ఇక నాన్నమ్మ చెప్పిన పండా పుస్తకం. కాశీ, గయ, ప్రయాగ, హరిద్వారాల్లో పండాలు ప్రాంతాలవారీగా యాత్రికులను పంచుకుని, వచ్చినవారి ఊరు, కుటుంబం, పేర్లు తమ బహీల్లో రాయించుకుంటారు. 2009లో నాన్నగారిని తీసుకుని గయ వెళ్ళినప్పుడు మా పండా మా జిల్లా పేరు, ఊరు, ఇంటిపేరు, గోత్రం అడిగి, లోపలికి వెళ్ళి అరగంట తరవాత ఒక పొడుగాటి పుస్తకంతో వచ్చాడు. అందులో మా ముత్తాత తెలుగు అక్షరాలతో చేసిన సంతకం ఉంది. దాని పైన ఆయన తండ్రి పేరు, తాత పేరు. నాన్నగారు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నా ఇంటిపని ఆ విధంగా పాతికేళ్ళకు పైగా ఆలస్యంగా పూర్తయింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఈ పద్ధతులన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. వంశం చెప్పేవాడు, వినేవాడు ఎదురెదురుగా ఉన్నారు. పిచ్చుకుంట్లాయన ఏ ఇంటి గుమ్మంలో నిలబడితే ఆ ఇంటి వంశమే చెప్పాడు. పండా ముందు అడిగాడు, ఆ తరవాతే పుస్తకం విప్పాడు. పెళ్ళి పందిట్లో ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని పురోహితుడు మూడు తరాలు గట్టిగా చదువుతాడు. అది రహస్యం కాదు, అలాగని ఆ పందిరి దాటి పోయే మాటా కాదు.

తెల్ల కాగితం

అలాంటి కాపలా మన బడిలోనూ ఉండేది. గయ నుంచి వచ్చాక నాన్నగారి అసలు పుట్టినతేదీ కోసం మన బడికి వచ్చాను. ఆయన కూడా ఇక్కడే చదివారు. ఆ రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు మాస్టార్లు జులై ఒకటో, జూన్ పదిహేనో ఏదో ఒకటి వేసేసేవారని మనకి తెలుసు. అయినా అడ్మిషన్ రిజిస్టరులో తాతగారి సంతకం ఉంటుందని ఆశ. హెడ్మాస్టరు గారు అనుమతి ఇచ్చారు. గుమాస్తా గారు బీరువా తీసి, అట్టలు ఊడిపోయిన రిజిస్టరు తెచ్చి, పేజీ వెతికారు. వెతికాక రెండు తెల్ల కాగితాలు తీసి నాన్నగారి వరసకి పైనా కిందా పరిచి, ఆ ఒక్క వరస మాత్రం కనబడేలా నా వైపు తిప్పారు.

నాకు చిరాకు వేసింది. "అరవై ఏళ్ళ కిందటి సంగతులు కదండీ, ఇందులో దాచడానికేముంది?" అన్నాను. ఆయన నెమ్మదిగా "మిగతావి మీ నాన్నగారివి కావు కదండీ" అన్నారు. ఆ రిజిస్టరులో తండ్రి పేరు, కులం, ఫీజు రాయితీ, బడి మానేసిన కారణం అన్నీ ఉంటాయి. ఎవరి తండ్రి సంతకం బదులు వేలిముద్ర వేశాడో, ఎవరు ఏ తరగతి ఎన్నిసార్లు చదివారో ఉంటుంది. అందులో ఉన్నవాళ్ళు చాలామంది ఇప్పటికీ మన ఊళ్ళోనే ఉన్నారు. ఆయన మాట నాకు ఆ రోజు చాదస్తంగా తోచింది.

చిరునామా ఇచ్చుకోవడం, చిరునామా ఇచ్చెయ్యడం

మనవాళ్ళు నోటితో, బహీలతో చేసిన పనిని పాశ్చాత్య దేశాల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచి సంఘాలు పెట్టి చేశారు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోర్మన్ చర్చి ఆధ్వర్యంలో 1894లో ఒక వంశచరిత్ర సంఘం ఏర్పడింది. చనిపోయిన పూర్వీకుల పేర జరిపే మతక్రతువుల కోసం వారికి ఆ పేర్లు కావాలి. 1938 నుంచి దేశదేశాల రికార్డులను మైక్రోఫిల్మ్ తీయడం మొదలుపెట్టారు. 1970ల చివరి నుంచి హరిద్వారం పండాల బహీలను కూడా ఫిల్మ్ తీశారు. 1976లో అలెక్స్ హేలీ 'రూట్స్' పుస్తకం వచ్చింది. మర్నాటి ఏడు అది టీవీలో ధారావాహికగా ప్రసారమయ్యాక, బానిసలుగా వచ్చినవారి సంతతి మొదలు సామాన్యులందరికీ మూలాలు వెతుక్కోవాలన్న తపన పట్టుకుంది.

ఆ కాలంలో ఈ అభిరుచి ఉన్నవాళ్ళు పత్రికల్లో చిన్న ప్రకటనలు వేసుకునేవారు. ఫలానా ఇంటిపేరు, ఫలానా ఊరు, ఫలానా కాలం, వివరాలు తెలిసినవారు ఈ చిరునామాకి రాయగలరు అని. ఇంటిపేర్ల జాబితాలు అచ్చువేసి, ఒక్కొక్క పేరు ఎదుట దాన్ని పరిశోధిస్తున్నవారి తపాలా చిరునామా ఇచ్చేవారు. 1980ల చివరలో ఈమెయిల్ బృందాలు వచ్చినప్పుడు కూడా ఇదే అలవాటు కొనసాగింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ మనిషి ఇచ్చుకున్నది తన చిరునామా. ఉత్తరం రావాలని కోరుకున్నదీ తనే, తెలియనివాళ్ళు రాస్తే జవాబు చెప్పాల్సిందీ తనే.

1980ల నడుమ జెడ్‌కామ్ అనే ఫైలు పద్ధతి వచ్చింది. ఒకరు కంప్యూటరులో కూర్చిన వంశవృక్షాన్ని మరొకరు తన కంప్యూటరులో తెరుచుకోవడానికి అది దారి. ఇరవై ఏళ్ళ శ్రమ ఒక చిన్న డిస్కులో పట్టేసేది. 1999లో యూటా సంఘం వారి ఫ్యామిలీసెర్చ్ సైటు మొదలయ్యాక ఈ అభిరుచి ఇంటింటికీ చేరింది. దీంతో పాటే లెక్క మారిపోయింది. ఫైలు ఇచ్చేవాడు తన చిరునామా ఒక్కటే ఇవ్వడం లేదు. తన పిన్ని పుట్టినతేదీ, బాబాయి కూతురి విడాకులు, మేనల్లుడి పిల్లల పేర్లు అన్నీ ఇస్తున్నాడు. వాళ్ళెవరూ ఆ ప్రకటన వెయ్యలేదు. తీసుకున్నవాడు దాన్ని తన చెట్టులో కలుపుకుంటాడు, అతని దగ్గర నుంచి ఇంకొకడు. పొలాలకి నీరు వదిలాక తూము మూసినా, వెళ్ళిన నీరు వెనక్కి రాదు. పైగా మేము కట్టిన ఈ కాలవకి తూముకి షట్టరే పెట్టలేదు.

నా పొరపాటు

2016 వేసవిలో మా వంశవృక్షం ఒక కొలిక్కి తెచ్చాను. ఏడు తరాలు. మా తాతగారు రాయించిన పాత వంశవృక్షంలో మగవాళ్ళ పేర్లే ఉన్నాయి. నేను పట్టుబట్టి ఆడపిల్లల పేర్లన్నీ సేకరించాను. వాళ్ళ మెట్టినిళ్ళు, భర్తలు, పిల్లలు, మనవలు. అందరూ ఒకరికొకరు అందుబాటులో ఉండాలని ప్రతి పేరు ఎదుట పుట్టినతేదీ, ఊరు, ఫోన్ నెంబరు వేశాను. ముద్దుపేరు తెలిస్తే అదీ వేశాను. పుస్తకం చేసి కుటుంబం వాట్సాప్ బృందంలో పెట్టాను. ఎంత మెచ్చుకున్నారో చెప్పలేను. ఆ ఉత్సాహంలో దాన్ని వంశవృక్షాల సైటు ఒకదానిలో కూడా ఎక్కించి, అందరికీ కనబడేలా ఉంచాను. దూరపు చుట్టాలెవరైనా చూసి పలకరిస్తారని.

పలకరించారు. ఎప్పుడో రంగూన్ వెళ్ళిన శాఖవారి మనవరాలు ఒకావిడ విశాఖ నుంచి ఫోన్ చేసింది. ఆ రోజు నేను పొందిన ఆనందం అబద్ధం కాదు. ఈ పని వల్ల మేలేమీ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రెండేళ్ళ తరవాత మా మేనత్తకి ఒక ఫోన్ వచ్చింది. అప్పటికి ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మావయ్య పోయారు, పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. ఒంటరిగా ఉంటోంది. "అమ్మమ్మా, నేను" అంటూ మనవడి పేరు చెప్పి, జలుబుతో గొంతు పోయిందని చెప్పి, ఆవిడ ముద్దుపేరు కూడా కలిపి మాట్లాడాడట. స్నేహితుడికి హైదరాబాదులో యాక్సిడెంటు అయిందని, అమ్మకి చెప్పొద్దని, వెంటనే అరవై వేలు ఒక ఖాతాకి పంపమని ఏడ్చాడట. అత్తయ్య ఆటో కట్టించుకుని బ్యాంకుకి వెళ్ళి పంపింది. కౌంటరులో కుర్రాడు "ఎవరికమ్మా?" అని అడిగితే "మా మనవడి స్నేహితుడికి బాబూ" అని చెప్పిందట. రాత్రి కూతురు ఫోన్ చేసేదాకా మోసమని తెలియలేదు. పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు తిరిగి రాలేదు.

అది నా పుస్తకం నుంచే వెళ్ళిందని ఎలా తెలిసిందంటారా? నాలుగోనాడు నేను వెళ్ళి కూర్చుంటే అత్తయ్య జరిగింది మొదటి నుంచి చెప్పింది. మధ్యలో "డల్లాస్ నుంచి అన్నాడురా, వీడు డల్లాస్‌లో ఎప్పుడున్నాడా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఏడుస్తుంటే ఇంక అడగబుద్ధి కాలేదు" అంది. ఆ కుర్రాడు ఏనాడూ డల్లాస్‌లో లేడు. డల్లాస్ అని రాసింది నేను. మరొకరి వరసలో వెయ్యాల్సిన ఊరు పొరపాటున అతని వరసలో వేశాను. ఆ తప్పు లోకంలో నా పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

విషయం చెప్పేశాను. తప్పు నాదేనని, ఆవిడ వివరాలన్నీ ఆ రాత్రే తీసేస్తానని అన్నాను. అత్తయ్య కాసేపు ఊరుకుని అంది: "పేరు కూడా తీసేస్తావా? మా నాన్న రాయించినదాంట్లో అన్నయ్యలందరూ ఉన్నారు, నేను లేను. ఈ ఇంట్లో పుట్టలేదా నేను అనుకునేదాన్ని చిన్నప్పుడు. నువ్వు రాశాకే కదరా నా పేరెక్కింది. పేరు ఉండనీ. నెంబరు తీసెయ్."

సైటులో తీసేశాను. వాట్సాప్‌లో అందరినీ పుస్తకం చెరిపెయ్యమని బతిమాలాను. నా చెట్టును తమ చెట్టులో కలుపుకున్నవాళ్ళు ఇద్దరు కనిపించారు. ఒకాయనకి రాస్తే అదే రోజు తీసేసి, క్షమించమన్నారు. రెండో ఆయన నుంచి ఇప్పటికీ జవాబు లేదు. మా అత్తయ్య పుట్టినతేదీ, డల్లాస్ తప్పుతో సహా, ఇంకా అక్కడే ఉంది.

లోకం నేర్చుకున్న పాఠాలు

ఆ తరవాత నేను చదివినవి ముందే చదివి ఉంటే బాగుండేది. జనాభా లెక్కల రికార్డులు వంశచరిత్ర వెతికేవారికి బంగారు గని. అయినా బ్రిటన్ వాటిని సాధారణంగా 100 ఏళ్ళు మూసి ఉంచుతుంది. 1921 నాటివి 2022 జనవరిలో బయటికి వచ్చాయి. అమెరికాలో గడువు 72 ఏళ్ళు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి. మన దేశంలో 1948 జనగణన చట్టం ప్రకారం ఎన్యూమరేటరు రాసుకున్న వ్యక్తిగత వివరాలను ఎవరూ తనిఖీ చెయ్యడానికి వీల్లేదు. మన ఇంటికి వచ్చి లెక్క రాసుకున్న మాస్టార్లు చాలామంది ఈ సంచిక చదువుతారు. ఆ మాట వారికి నాకంటే బాగా తెలుసు.

జాబితా ఎంత ప్రమాదమో యూరప్ చాలా పెద్ద మూల్యం చెల్లించి తెలుసుకుంది. నెదర్లాండ్స్‌లో పురపాలక సంఘాలు ప్రజల వివరాలు, మతంతో సహా, ఎంతో చక్కగా రాసి పెట్టుకునేవి. మంచి పరిపాలన కోసమే. 1940లో జర్మన్లు ఆక్రమించాక ఆ చక్కని జాబితాలే యూదులను వెతికి పట్టుకోవడానికి పనికొచ్చాయి. 1943 మార్చి 27న ప్రతిఘటన ఉద్యమకారులు ఆమ్‌స్టర్‌డామ్ రికార్డుల కార్యాలయాన్ని తగలబెట్టడానికి ప్రాణాలకు తెగించారు. రాసిన గుమాస్తాలకి చెడు ఉద్దేశం లేదు. రాసినది ఎవరి చేతిలో పడుతుందో రాసేనాటికి తెలియకపోవడమే అసలు చిక్కు.

అభిరుచిపరులు తమకు తాము కూడా నియమాలు పెట్టుకున్నారు. అమెరికా జాతీయ వంశచరిత్ర సంఘం 2000లో సమాచారం పంచుకోవడానికి ప్రమాణాలు ప్రకటించింది. బతికి ఉన్నవారి వివరాలు వారి సమ్మతితోనే ప్రచురించాలన్నది వాటిలో ముఖ్యమైనది. పెద్ద సైట్లలో బతికున్నవారి వివరాలు ఎక్కించినవారికి తప్ప ఇతరులకి కనబడవు. మరణం నమోదు కాకపోతే ఫ్యామిలీసెర్చ్‌లో పుట్టిన 110 ఏళ్ళ దాకా మనిషి బతికి ఉన్నట్టే లెక్క. నేను ఎక్కించిన సైటులోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. దాన్ని తీసేసింది నేనే, దూరపు చుట్టాలకి కనబడాలని.

డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఇది మరింత జటిలమైంది. 2018లో కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి హంతకుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. అతను ఎక్కడా పరీక్ష చేయించుకోలేదు. దూరపు బంధువులు తమ డీఎన్ఏ వివరాలను జెడ్‌మ్యాచ్ అనే సైటులో పెట్టుకోవడంతో అతని కుటుంబం దాకా దారి దొరికింది. హంతకుడు దొరకడం మంచిదే. కానీ ఒకరి సమ్మతి ఎందరి గుట్టు విప్పగలదో కూడా ఆ కేసు చూపించింది. మర్నాటి ఏడు ఆ సైటు, సరేనన్నవారి వివరాలు మాత్రమే పోలీసులకి కనబడేలా నియమం మార్చుకుంది. 2023లో 23అండ్‌మీ సంస్థలో దొంగలు పాత పాస్‌వర్డులతో సుమారు 14 వేల ఖాతాలు తెరిచారు. బంధువులు ఒకరికొకరు కనబడే సదుపాయం వల్ల దాదాపు 69 లక్షల మంది వివరాలు వాళ్ళ చేతికి చిక్కాయి. 14 వేల తలుపులకి 69 లక్షల ఇళ్ళు. చుట్టరికం అంటే అదే కదా.

మన దగ్గర 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి చేసుకునే పనికి ఆ చట్టం వర్తించదు. అంటే నా ఇంట్లో నేను వంశవృక్షం రాసుకుంటే చట్టానికి సంబంధం లేదు. లోకానికి తెరిచి పెడితే అది ఇంటి పని అవుతుందా అన్నది వేరే ప్రశ్న. వందలమంది వివరాలు సేకరించే మన సంఘం ఆ మినహాయింపు వెనక దాక్కోలేదని నా అభిప్రాయం.

మన జాబితా సంగతి

మన సంఘం మొదటి జాబితా నా దగ్గర ఉంది. సైక్లోస్టైల్ కాగితాలు, మూలకి పిన్ను. పేరు, బ్యాచి, వృత్తి, తపాలా చిరునామా. ఫోను ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. ఆ జాబితా పట్టుకుని మనవాళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు, సంబంధాలు కుదుర్చుకున్నారు, లెక్కల మాస్టారికి ఆపరేషను అవసరమైనప్పుడు నాలుగు రోజుల్లో డబ్బు పోగుచేశారు. అందుకే కమిటీలో నా బ్యాచి మిత్రుడు "మనదంతా ఒకే కుటుంబం, మనలో మనకి దాపరికం ఏమిటోయ్?" అన్నప్పుడు దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేకపోయాను. నేనూ మా కుటుంబం గురించి సరిగ్గా అలాగే అనుకున్నాను కనక.

నేను చెప్పింది ఇది. ఆ సైక్లోస్టైల్ కాగితం సంపాదించాలంటే మన బడి దాకా రావాలి. ఈ సంచిక మాత్రం అచ్చయిన సాయంత్రానికే ఫోన్లలో తిరుగుతుంది. పైగా దీనిలో మన మాస్టార్లు, టీచరమ్మల వివరాలు కూడా ఉంటాయి. వారిలో చాలామంది మా అత్తయ్య వయసువారు, కొందరు ఒంటరిగా ఉంటున్నవారు. "సార్, నేను ఫలానా బ్యాచి, మీ దగ్గర చదువుకున్నాను" అని ఎవరైనా ఫోన్ చేస్తే వారు కాదనగలరా? శిష్యుడి గొంతు గుర్తుపట్టలేకపోయామని నొచ్చుకుని, అడిగింది ఇచ్చేస్తారు.

చివరికి అందరం ఒప్పుకున్న పద్ధతి మీరు చివరి పేజీల్లో చూస్తారు. అందరికీ ఒక ఫారం పంపాం. సరేనన్నవారికి పేరు, బ్యాచి, ఊరు వేశాం. నెంబరు కూడా వెయ్యమని రాసి సంతకం పెట్టినవారికే నెంబరు వేశాం. మిగతావారితో మాట్లాడాలంటే సంఘం కార్యదర్శికి రాస్తే, వారిని అడిగి కలుపుతారు. కొందరు అక్కచెల్లెళ్ళు పుట్టింటిపేరుతోనే వెయ్యమన్నారు, కొందరు రెండూ వెయ్యమన్నారు. ఒకరు అసలు పేరే వద్దన్నారు. ఎందుకని అడగలేదు, వెయ్యలేదు. దివంగతులైన గురువులు, మిత్రుల గురించి మాత్రం కుటుంబాలను అడిగి, తెలిసినంతా రాశాం. వారి కథ చెప్పుకోవడం మన బాధ్యత.

దీనివల్ల జాబితా కొంచెం బోడిగా కనిపించవచ్చు. మీకు కావలసిన స్నేహితుడి నెంబరు లేదని విసుగు రావచ్చు. ఒక్క ఉత్తరం ముక్కతో అది తీరుతుంది. పోయిన గుట్టు ఏ ఉత్తరంతోనూ తిరిగి రాదు.

వంశవృక్షం మొదలుపెట్టాలనుకునే మిత్రులకి నా అనుభవంతో నాలుగు మాటలు. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి, ఆలస్యం చెయ్యకండి. ఆడపిల్లల పేర్లు వదలకండి. పోయినవారి గురించి విస్తారంగా రాయండి, బతికున్నవారి గురించి వారిని అడిగి రాయండి. పూర్తి పుస్తకం ఇంట్లో ఒకటి ఉంచుకుని, బయటికి ఇచ్చే ప్రతిలో బతికున్నవారి తేదీలు, నెంబర్లు, పిల్లల వివరాలు తీసెయ్యండి. ఇంకొకటి, ఇది ఈ సంచిక పాఠకులందరికీ: మీ బ్యాంకు ఖాతాకి రహస్య ప్రశ్న "మీరు చదివిన బడి పేరు" అయితే దయచేసి ఈ రోజే మార్చుకోండి. జవాబు ఈ సంచిక అట్ట మీదే ఉంది.

మా పుస్తకం రెండో కూర్పు పోయిన సంక్రాంతికి తెచ్చాను. అత్తయ్య ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. మొదటి ప్రతి ఆవిడ చేతికే ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, తన పేరు ఉన్న పేజీ వెతుక్కుని, వరస మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. పేరుంది, తల్లిదండ్రుల పేర్లున్నాయి, అన్నయ్యల పక్కన తన స్థానం ఉంది. ఆ తరవాత ఖాళీ. "ఇప్పుడు బాగుందిరా" అంది.

ఆ ఖాళీ చూసినప్పుడల్లా నాకు మన గుమాస్తా గారు పరిచిన తెల్ల కాగితాలు గుర్తొస్తాయి. ఆయన రిటైరై చాలా కాలమైంది. ఈ సంచిక ఆయనకి చేరితే, ఆ రోజు చిరాకుపడినందుకు క్షమించమని ఈ విధంగా కోరుతున్నాను.